మొంజి అయస్కాంతం

సైంటిస్టు మొంజిని కాఫీలో విషం కలిపి చంపారు. స్ఫాక్స్ రేవులో, పట్టపగలు, నలుగురి మధ్యా. నలభయ్యో రోజు భోజనాలు పెట్టకముందే ఖమీస్‌కి గూఢచారి శాఖ హెడ్డాఫీసు నుంచి పిలుపొచ్చింది. ఖమీస్ ఆ పిలుపు కోసమే పళ్లు నూరుకుంటూ కూర్చున్నాడు. అతనూ మొంజీ చిన్నప్పుడు ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు.

"కెస్లర్ తెలుసుగా?" అన్నాడు కల్నల్ హెదీ.

"అయస్కాంతం మీద మొంజి రాసిన పేపరు తిప్పికొట్టిన రివ్యూయర్. 'నమ్మశక్యంగా లేదు, ప్రయోగం మళ్లీ చేసి చూపించండి' అని రాశాడు."

"పైకి ప్రొఫెసర్. లోపల ఓడలు ముంచే ముఠాకి నాయకుడు."

వాడి బాంబులో గడియారం టిక్కుటిక్కుమనదు. ఒక సీసాలో సముద్రపు నీళ్లు, అందులో రెండు పలకలు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మెల్లగా పలక దగ్గరికి చేరేకొద్దీ సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటు పోగయి నిండిందా, పేలుతుంది. వలకి చిక్కిన అలాంటి సీసాని చూసి, ఇది కెస్లర్ పనేనని పోల్చుకున్న ఒకే ఒక్కడు మొంజి. అందుకే నోరు నొక్కేశారు.

ఈసారి గురి రేపు పొద్దున కెర్కెన్నా దీవికి వెళ్లే ఫెర్రీ మీద. ఎల్లుండే బక్రీదు. ఫెర్రీ నిండా జనం, గొర్రెలు. మొంజి తల్లి జొహ్రా కూడా ఆ ఫెర్రీకే వెళ్తోంది. బాంబు వెతికి, గుట్టుగా తీసుకెళ్లి నడిసముద్రంలో దించెయ్యమని ఆర్డరు.

"సమాచారం ఎవరిచ్చారు సార్?"

"లమియా."

మొంజికి ఆ కాఫీ అందించిన చెయ్యి లమియాదే. ఖమీస్ కుర్చీలోంచి లేచాడు. "ఆవిడ ఎవరి మనిషి?"

"ఏ పూటకి ఆ పూట" అని కల్నల్ ఫైలు మూసేశాడు.

పొద్దున్నే ఖమీస్ ఆక్టోపస్ పట్టే జాలరి వేషంలో ఫెర్రీ ఎక్కాడు. పుట్టింది కెర్కెన్నాలోనే కాబట్టి వేషానికి పెద్ద కష్టపడలేదు. డెక్కు మీద జాలర్లు ఆక్టోపస్‌లని పట్టే మట్టికుండలు తాళ్లకి గుచ్చి పేర్చి ఉన్నాయి. దీవివాళ్లు కుండలెప్పుడూ బోర్లించే పేరుస్తారు. మూలనున్న ఒక్క కుండ మాత్రం మూతి పైకి పెట్టి, గుడ్డ కట్టి ఉంది. కుండ బోర్లిస్తే లోపల సీసా ఒలికిపోదూ! ఎంత చదువుకుంటే ఏం, కెస్లర్‌కి దీవివాళ్ల అలవాటు తెలియదు.

ఫెర్రీ కదలకముందే కుండని కుదుపు లేకుండా, పక్కన కట్టుకున్న తన పడవలోకి దించాడు. సముద్రంలో వదిలేస్తే పని అయిపోయేది. కానీ అతని సంచిలో మొంజి లాబొరేటరీ నుంచి తెచ్చుకున్న పెద్ద అయస్కాంతం ఉంది.

బతికున్న రోజుల్లో టీ చల్లారిపోయేదాకా మొంజిది ఒకటే గోల. పలక దగ్గరున్న ఆక్సిజన్ ఖర్చయిపోతుందట, కొత్తది రావడానికి ఆలస్యమట. అయస్కాంతం పెడితే కరెంటు మోసే నీరే సుడి తిరిగి కొత్త ఆక్సిజన్‌ని తోసుకొస్తుందట. కరెంటు రెట్టింపట, నిండే టైము సగమేనట. ఖమీస్ ఆవలించేవాడు. ఇప్పుడా ఆవలింతలు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

కుండని బుట్టలో పెట్టి, అడుగున అయస్కాంతం దూర్చాడు. రేవు బయట లంగరేసి ఉంది కెస్లర్ షికారు ఓడ, యాట్. నల్లకళ్లద్దాలు, ఎర్ర సిల్కు స్కార్ఫుతో లమియా రెయిలింగ్ దగ్గర నిలబడి ఉంది.

"మధ్యాహ్నానికి ఆక్టోపస్ తెచ్చానమ్మా" అన్నాడు. లమియాతో ముందే అనుకున్న కోడ్ మాట అదే. ఆమె బుట్టని వంటగదిలో పెట్టించి, సూట్‌కేసు ఒడ్డున మరిచిపోయానని వంక చెప్పి, అతని పడవలోకి దిగింది.

దూరం వచ్చాక ఖమీస్ రేడియో అందుకున్నాడు. "ప్రొఫెసర్ గారూ, మీ కుండ మీ వంటగదిలోనే ఉంది. అడుగున మొంజి అయస్కాంతం ఉంది."

లమియా మొహం పాలిపోయింది. "చెప్పేశావేంటి?"

"తెలిసి చావాలి వాడు."

రేడియోలో కెస్లర్ తీరిగ్గా నవ్వాడు. "ఆ పిచ్చి నీకూ అంటించాడా అబ్బాయ్? ఇంకా గంట టైముంది. అయస్కాంతం తియ్యను కూడా తియ్యను. ఫెర్రీని అందుకుని నీ కుండ అక్కడే వదిలేస్తా, చూస్తూ ఉండు."

యాట్ ఒక్కసారిగా ఉరికింది. ముందు ఫెర్రీ, వెనక యాట్. మధ్య దూరం చూస్తూ చూస్తూ తరిగిపోతోంది.

"మీవాడి లెక్క తప్పయితే?" అంది లమియా.

పగ తీర్చుకునే ఆత్రంలో అంతమంది ప్రాణాలు పణంగా పెట్టాడని ఖమీస్‌కి అప్పుడు తెలిసొచ్చింది. ఫెర్రీ డెక్కు మీద గొర్రె తాడు పట్టుకుని నిలబడ్డ జొహ్రా తెల్లముసుగు కనిపిస్తోంది. ఒరేయ్ మొంజీ, ఈ ఒక్కసారికి నీ మాట నిజం చెయ్యరా, అని లోలోపల బతిమాలుకున్నాడు.

యాట్ ఫెర్రీ దిక్కుకి మలుపు తీసుకుంటోంది. అంతలో సముద్రం దద్దరిల్లింది. పొగ విడిపోయాక యాట్ లేదు. ఫెర్రీ మీద గొర్రెలు బెదిరి అరుస్తున్నాయి, జనం గొర్రెల్ని తిడుతున్నారు. ఖమీస్ కళ్లు తుడుచుకున్నాడు.

"నేను మీకు సాయం చేశాను" అంది లమియా మెల్లగా.

"చేశావు. ఒడ్డుకి వెళ్లాక కల్నల్ గారు కాఫీ ఇప్పిస్తారు. ముందు నువ్వు తాగు."

సాయంత్రం రిపోర్టులో ఆర్డరు ఎందుకు మీరాడో ఖమీస్ రాయలేదు. రెండే రెండు ముక్కలు రాశాడు: "ప్రయోగం మళ్లీ చేసి చూపించాం. రివ్యూయర్‌కి ఇక అభ్యంతరాలేమీ లేవు."