కడాకు పూడ్చాల్సిన గుంత

ధర్మవరంలో మాది మట్టిమిద్దె. ఆ మట్టికప్పు దింపి స్లాబు వేసుకోవాలని నేనూ నా భార్య ఈశ్వరీ చాలా ఏళ్లుగా అనుకునేవాళ్లం. ఏ పని ముందో, ఏది తర్వాతో ఆమే తేల్చింది. అదీ మగ్గం ముందు కూర్చొని, గుంతలోకి వేలాడేసిన కాళ్లతో పలకలు తొక్కుతూనే.

"ముందు మిద్దె దింపు. ఆమీట గోడలు, వంటిల్లు. కింద బండలు పరిచేటప్పుడు ఈ గుంత పూడుద్దువు, అన్నీ అయినాక, కడాకు. అంతవరకూ పైన పట్ట కప్పుకొని ఈడే నేసుకుంటా."

పని మొదలుపెట్టకముందే ఆమెకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి నడిచి పోయిన మనిషిని మోసుకొచ్చాం.

అది 2003 ఎండాకాలం. సగం నేసిన చీర కోసి షావుకారికి ఇచ్చేశాను. మగ్గం విప్పేశాను. గుంత మిగిలింది. అన్నం ముందు కూర్చుంటే అందులో ఆమె కాళ్లు కదులుతున్నట్టే ఉండేది.

మేస్త్రీ బయ్యన్నతో ముందు గుంత పూడ్చమన్నాను.

"పైపని కాకుండా కింద ముట్టుకుంటే ఎట్లన్నా? అది కడాకు," అన్నాడు.

ఈశ్వరి మాటే.

"నేను దాన్ని చూడలేనప్పా. పూడ్చెయ్."

పొద్దు గుంకేలోపు పూడ్చి, దిమ్మిసతో కొట్టి అతను వెళ్లిపోయాడు. కరెంటు పోయింది. చీకట్లో ఎండిన మన్ను వాసన. దాని వెనకే మగ్గం పడుగు దారాలకు పట్టించే గంజి వాసన...

టక్... టక్...

పలక తొక్కుతున్న చప్పుడు. నేలకు చెవి ఆనించాను. ఆగిపోయింది.

"ఏమయ్యా..."

కింద నుంచి.

"మిద్దె... అయిపోయిందా?"

కోపం లేదు. పనిలో మునిగి పొద్దు తెలియని మనిషి అడిగినట్టు అడిగింది. భయం కంటే ముందు ఏడుపొచ్చింది నాకు.

"లేదు ఈశ్వరీ."

మళ్లీ నేలకు చెవి ఆనించాను. తర్వాత...

"మరి నా మీద మన్నెందుకేస్తివి?"

చేతులతోనే తవ్వాను. గోళ్లు చిట్లాయి. "తీస్తాండా... తీస్తాండా..." అంటూనే ఉన్నాను. అడుగు దాకా తవ్వినా ఎవరూ లేరు. కానీ అక్కడి మన్ను వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టు.

తెల్లారి బయ్యన్న నా చేతులు చూశాడు. నిచ్చెన మిద్దెకు వేశాడు.

ఆమె చెప్పిన వరసలోనే పని జరిగింది. రోజూ సాయంత్రం గుంత పక్కన కూర్చొని ఆ రోజు ఏం చేశామో చెప్పేవాణ్ణి. బదులు వచ్చేది కాదు. స్లాబు పడింది. గోడలు, వంటిల్లు అయ్యాయి.

"అంతా అయింది ఈశ్వరీ. ఇంక పూడుస్తాండా," అన్నాను.

ఒక్క మాట వచ్చుంటే పని ఆపేసేవాణ్ణి. రాలేదు. పూడ్చాం.

బండలు పరిచాక, కింద బోలుగా ఉందేమోనని బయ్యన్న తాపీ పిడితో ఒక్కో బండా తట్టుకుంటూ వచ్చాడు. అన్నీ గట్టిగా పలికాయి. గుంత ఉన్న చోట తట్టాడు.

కింద నుంచి ఎవరో తట్టారు.

బయ్యన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా వైపు చూశాడు. అంతలో మళ్లీ వినబడింది... ఈసారి ఇంకా కింద నుంచి, చాలా మెల్లగా, పసిబిడ్డ ఎవరో చిన్న చేతితో తట్టినట్టు.

మాకు పిల్లల్లేరు.