గ్లాన్ వంతెన మీద చెయ్యెత్తిన మనిషి

గ్లాన్ వంతెన మంచిది కాదని ఐర్లండ్‌లోని మా డోనెగల్ కొండల్లో బండి నడిపే ప్రతివాడికీ తెలుసు.

పగలు చూస్తే ఏముంది... రాతి వంతెన, కింద వాగు, రెండు రోడ్లు కలిసే చోటు. చీకటి పడితే మాత్రం అక్కడ ఎవరూ బండి ఆపరు. స్కాట్లండ్‌కు బంగాళాదుంపలు తవ్వే కూలికి పోయిన మొగుడి కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, అక్కడే ప్రాణం వదిలిన ఆడమనిషి ఒకామె ఉందట. తెల్లబట్టలు. వచ్చే ప్రతి బండికీ చెయ్యి ఎత్తుతుందట. ఆపావో — ఏడాది తిరక్కుండా నీ ఇంట్లోంచి శవం లేస్తుంది.

అలాగని చూడనట్టు పోయినా ఆమెకు కోపమే. మా వైపు ఎదురొచ్చిన ప్రతి బండికీ, తెలిసినా తెలియకపోయినా, స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేపి పలకరిస్తాం. ఆమెకూ అంతే. వేలు లేపాలి, చూపు తిప్పుకోవాలి, పోవాలి. మా నాన్న గేర్లు మార్చడం నేర్పిన రోజే నాకు ఇదీ నేర్పాడు.

నేను ఫెర్గల్ దగ్గర మెకానిక్‌ని. వాడిన కార్లు కొని, తుడిచి, మెరిపించి అమ్మడం ఆయన పని. వాటిని నడిచేట్టు చెయ్యడం నా పని. కిందటి అక్టోబరులో నూలా బోనర్ మా దగ్గర ఒక బూడిదరంగు కారు కొంది. అరవై దాటిన మనిషి. భర్త హ్యూయీ ఊపిరితిత్తుల జబ్బుతో పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. కొండకు ఇవతల ఆమె ఇల్లు, అవతల ఆసుపత్రి, మధ్యలో బస్సు లేదు. ప్రాణం పోయే వేళకు పక్కనే ఉంటానని ఆయనకు మాటిచ్చానని, కారు అందుకేనని కొన్న రోజే చెప్పింది. మూడు నెలల వారంటీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

రెండు వారాలకు కారు లారీ మీద వెనక్కి వచ్చింది. వంతెనకు కాస్త ముందు, కొండ ఎక్కుడు మీద వంపు దగ్గర, ఇంజన్ టక్కున ఆగిపోయిందట. మా షెడ్డులో తాళం తిప్పితే... బుద్ధిగా స్టార్ట్ అయింది. లోపం కనిపించలేదని ఫెర్గల్ కాగితం రాసి, కింద నాచేత సంతకం పెట్టించాడు.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే చోటు. మళ్ళీ అదే కాగితం, అదే సంతకం.

మూడోసారి ఆమె కౌంటర్ దగ్గర నిలబడి, వారంటీ ఇంకా ఎనిమిది రోజులు ఉందని మెల్లగా గుర్తుచేసింది. ఫెర్గల్ నవ్వాడు.

"వంతెన దగ్గరామె ఆపేస్తోందేమోనమ్మా. మేం ఇంజన్‌కి వారంటీ ఇచ్చాం గానీ దెయ్యానికి ఇవ్వలేదు కదా."

షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె ముఖం ఎర్రబడింది, తప్పేదో తనే చేసినట్టు తాళం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు మండుతాయి. ఎందుకంటే లోపం ఏమిటో నాకు దాదాపు తెలుసు. ఇంజన్ బాగా వేడెక్కితే చేతులెత్తేసి, చల్లారితే మళ్ళీ మామూలుగా పనిచేసే సెన్సార్ ఒకటి ఉంటుంది. ఆమె ఇంటి నుంచి ఆ ఎక్కుడు చేరేసరికి ఇంజన్ సరిగ్గా అంత కాగుతుంది. లారీ మీద మా షెడ్డుకొచ్చేసరికి చల్లారిపోతుంది. ఒక్కసారి కొండెక్కించి చూస్తే తేలిపోతుందని ఫెర్గల్‌తో అన్నాను.

"వెతికితే దొరుకుతుంది," అన్నాడు గొంతు తగ్గించి. "దొరికితే మనమే మార్చాలి. ఎనిమిది రోజులు వెతక్కురా, చాలు."

వెతకలేదు.

ఆ తర్వాతి మంగళవారం రాత్రి, చెరువు పక్క ఊళ్ళో ఉన్న మా అక్క ఇంటినుంచి, వంతెన దగ్గర కలిసే రెండో రోడ్డు మీద వస్తున్నాను. ఒంటిగంట దాటింది. పొగమంచు... లైట్ల వెలుగు నాలుగు బారలు కూడా పారడం లేదు. వంతెన గోడ కనిపించేసరికి స్టీరింగ్ రెండు చేతులా పట్టుకున్నాను.

అప్పుడు —

తెల్లగా... గోడ పక్కన.

మడమల దాకా తెల్లటి గుడ్డ. విరబోసిన జుట్టు. నన్ను చూసి చెయ్యి ఎత్తింది. తర్వాత రెండో చెయ్యి కూడా. నోరు తెరిచి ఏదో అంటోంది... అద్దాలు బిగించి ఉన్నాయి, వినపడలేదు.

వేలు లేపాను. చూపు తిప్పుకున్నాను. యాక్సిలరేటర్ తొక్కాను.

వెనక్కి చూడకూడదు. అద్దంలో చూశాను. పరుగెత్తుకొస్తోంది — నాలుగడుగులు... అయిదు... ఆగిపోయింది. పొగమంచు కప్పేసింది.

మర్నాడు పొద్దున, రాత్రి హ్యూయీ పోయాడని తెలిసింది. ఆ రెండు సంగతులూ నా బుర్రలో పక్కపక్కనే ఉండి కూడా కలవలేదు. నేనే కలవనివ్వలేదేమో, చెప్పలేను.

గురువారం రాత్రి నూలా ఇంట్లో శవం దగ్గర జాగారం. ముందు గదిలో తెరిచిన పెట్టెలో హ్యూయీ, చుట్టూ కుర్చీల్లో మేం, వంటింట్లోంచి వచ్చే టీ, హామ్ శాండ్‌విచ్‌లు. ఫెర్గల్ కూడా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పలకరించి కూర్చున్నాడు. పొద్దుపోయాక మా వాళ్ళ మాటలు ఎప్పటిలాగే దెయ్యాల మీదికి మళ్ళాయి. ముసలి డినీ వాళ్ళ తాత చూసిన కథ చెప్పాడు. నాకు నోరు ఊరుకోలేదు.

"నేను చూశాను," అన్నాను. "మొన్న మంగళవారమే. గ్లాన్ దగ్గర."

కుర్చీలు దగ్గరికి జరిగాయి. బాగా చెప్పాను... చాలా బాగా చెప్పాను. పాదాలు నేలకు ఆనలేదని కూడా కలిపాను.

కథ బాగా పట్టిందనుకున్నాను. అందరూ నా వెనక గుమ్మం వైపు చూస్తున్నారు. నూలా టీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆనాయి నాయనా," అంది. "ఎక్కుడు బురదలో చెప్పులు ఊడిపోయాయి."

గొంతు పెంచకుండానే చెప్పింది. పన్నెండున్నరకు ఆసుపత్రి నుంచి ఫోను. వేసుకున్న తెల్ల నైట్‌గౌనుతోనే బయల్దేరింది. వంపు దగ్గర ఇంజన్ ఆగింది. అక్కడ ఫోనుకు సిగ్నల్ అందదు. రెండు రోడ్లు కలిసేచోట ఎవరైనా రాకపోతారా అని వంతెన దాకా నడిచింది. నా తర్వాత ఇంకో రెండు బండ్లు వచ్చాయట, పోయాయట.

గదిలో ఇంకో ఇద్దరు తలలు దించుకున్నారు.

తెల్లవారుజామున పాల లారీ అబ్బాయి ఆపాడు. పొరుగూరివాడు, వాడికి మా కథలు తెలియవు. హ్యూయీ మూడున్నరకే పోయాడు. ఆయన చెయ్యి నర్సు పట్టుకుని కూర్చుందట.

క్షమించమని అడగాలి. అడగలేదు. ఫెర్గల్ తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నూలా వంగి నా కప్పులో టీ పోసింది. నిండాక కెటిల్ కింద పెట్టి, కారు తాళం నా అరచేతిలో ఉంచింది.

"కారు ఇంకా ఆ వంపు దగ్గరే ఉంది కానల్. చిన్న బండ్లయితే పక్కనుంచి దూరి పోతున్నాయి, ఆయన్ని ఇంటికి తెచ్చిన వ్యానూ ఎలాగో దూరింది. రేపు ఆయన్ని స్మశానానికి తీసుకెళ్ళే పెద్ద బండికి దారి చాలదు. నీకు వీలైతే కాస్త పక్కకి తీసి పెడతావా?"

సరేనన్నాను.

తెల్లవారకముందే తాడు, పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్ళాను. పక్క సీట్లో హ్యూయీ పైజామా, ఇస్త్రీ చేసి, మడిచి ఉంది. దాన్ని కదపలేదు. కూర్చుని తాళం తిప్పాను.

ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. చల్లారితే అందుకుంటుందని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆగిపో, ఒక్కసారి ఆగిపో అని దాన్ని బతిమాలుకున్నాను... అది ఆగలేదు.