నీళ్లలాంటి ఆయిల్

శుక్రవారం ఉదయం 5:52. వంతెన మీద కారు ఆగిపోయింది. వెనక సీట్లో దర్జీ భార్య ఊపిరి కోసం కొట్టుకుంటోంది. 6:20కి అంబులెన్స్ వచ్చేసరికి ఆ కొట్టుకోవడమూ ఆగిపోయింది.

ఇంటి నుంచి ఆసుపత్రికి రెండే కిలోమీటర్లు. ఆ కారు తిరిగేదల్లా ఆ దారిలోనే, ఆమె ఆయాసానికి వైద్యం కోసం.

సోమవారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ మెకానిక్ షెడ్డులో ఆ కారు ముందు నిలబడింది. ఒక పక్క దర్జీ, ఇంకో పక్క మెకానిక్. అరెస్టు కాగితం ఆమె ఫైల్లో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఇంజిన్‌లో ఉన్నది ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ. చిక్కటి ఆయిల్. నువ్వు అతికించిన స్టిక్కర్ మీద జీరో డబ్ల్యూ ట్వంటీ అని ఉంది, అంటే పల్చనిది. ఏమంటావ్?"

మెకానిక్ తల వంచుకున్నాడు. "రాసుకోండి మేడమ్. తప్పు నాదే."

"విన్నారా!" దర్జీ అరిచాడు. "ముప్పై ఎనిమిదేళ్ల కాపురం మేడమ్. వీడి కక్కుర్తికి బూడిదైంది."

ఆ కోపం ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు. భర్త పోయిన ఏడు తనకూ ఎవరో ఒకరిని తిట్టందే ముద్ద దిగేది కాదు. కానీ అడగ్గానే ఒప్పుకునేవాణ్ణి ఆమె ఎన్నడూ నమ్మలేదు.

"ఈ చలిలో రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఏ ఆయిల్ పోయాలి?"

"పల్చనిదే మేడమ్. స్టార్ట్ చెయ్యగానే పైదాకా పాకుతుంది. చిక్కటిది చలికి బిగుసుకుంటుంది. అంత కొంచెం దూరంలో ఇంజిన్ వేడెక్కదు, లోపల తేమ చేరి ఎప్పటినుంచో బురద కట్టి ఉంది. ఆ రెండూ కలిస్తే ఇంజిన్ గొంతు పిసికినట్టే."

"ఇంత తెలిసీ ఎందుకు పోశావ్?"

మెకానిక్ పానాలు ఏరి పెట్టెలో వెయ్యసాగాడు.

ఆమె దర్జీ వైపు తిరిగింది. "పెద్దాయనా, ఇతను ఆయిల్ మార్చాక మీరు చూశారా?"

"చూడకేం! ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూశా. వేళ్ల మధ్య నిలవదే! నీళ్లు పోసి పంపాడని ఇంట్లో రెండు రోజులు మొత్తుకున్నా."

"నీళ్లలా ఉందా?"

"ఒట్టు."

"మరి ల్యాబ్‌కు చిక్కటిది ఎలా దొరికింది?"

దర్జీ మెకానిక్ వైపు చూశాడు.

"ఇతను సరైనదే పోశాడు. తర్వాత ఎవరో మార్పించారు. మీరు కాక ఆ కారు ఎవరు తీస్తారు?"

"ఇంకెవరు... మా ఆవిడే. మంగళవారం నాకు గిరాకీ ఎక్కువని తనొక్కతే ఆసుపత్రికి..."



ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవరు తీసింది. "ఇది బానెట్ కింద, ఆయిల్ మూత పక్కన దొరికింది. అందరూ మసిగుడ్డే అనుకున్నారు."

నూనె పీల్చిన తెల్లటి ముక్క. దాని మీద వరసగా మూడు గుండీ కాజాలు.

దర్జీ కత్తిరించి కుట్టేవాడు. కాజాలు ఆవిడ పని. అసలు చొక్కా పట్టుకునే ముందు ఒక ముక్క మీద మూడు కుట్టి చూసుకునేది.

మెకానిక్ ఏడ్చేశాడు. "అన్నా, గురువారం వదిన వచ్చింది. 'బంకులో చిక్కటిది పోయించా మరిదీ. మీ అన్నకు చెప్పకు, ఆయన మనసు కుదుటపడితే చాలు' అని నవ్వింది. వద్దు వదినా, ఇప్పుడే మార్చేస్తానని చెప్పా. శనివారం వస్తాలే అంది. తాళాలు లాక్కోవాల్సింది. లాక్కోలేదు."

"మరి నా చేత ఇన్ని తిట్లు ఎందుకు తిన్నావురా?"

"నన్ను తిడితే నీకు నిద్రయినా పడుతుందని."

దర్జీ ఇంజిన్ వైపు చూశాడు. "నీళ్లన్నది నేనే కదరా."

ఇన్‌స్పెక్టర్ అరెస్టు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. కవరు విప్పి గుడ్డ దర్జీ చేతికిచ్చింది.

ఆయన తన చొక్కా పై గుండీని మూడో కాజాలోకి దూర్చి చూశాడు.

సరిగ్గా పట్టింది.