ఎండ తాగినోడు

రెంటచింతల ఎండకు కాకులు కూడా నీడ చూసుకునే వాలతాయి. అలాంటి ఎండలో, మిట్టమధ్యాహ్నం, దయామణి గుమ్మం ముందు ఒక మగవాడు రెండడుగులు తూలి, దడి పట్టుకుని కూలబడ్డాడు.

దయామణికి ఒళ్ళు మండింది. ఆమె తండ్రి కల్లుతోనే బతికి కల్లుతోనే పోయాడు. ఇలా పడినప్పుడల్లా తల్లి దేవమ్మ అతనికి ఏ వైద్యం చేసేదో చూస్తూ పెరిగిన పిల్ల. లోపలికెళ్ళి కడవ తెచ్చి ఆ మనిషి నెత్తిన దబదబా కుమ్మరించింది.

"ఏందయ్యా, తాగి పడటానికి మా గుమ్మమే దొరికిందా?"

అతను మొహం తుడుచుకున్నాడు. ఈమధ్యే చర్చి సందులో మిషను పెట్టిన దర్జీ రాజారత్నం.

"తాగిన మాట నిజమేనమ్మా."

"సిగ్గులేకుండా చెప్తన్నావే! ఏం తాగావు?"

"ఎండ."

నవ్వు తన్నుకొచ్చినా పెదవి కొరుక్కుంది దయామణి. కాసేపటికి అతను లేచి, తిన్నగా నడిచి వెళ్ళిపోయాడు. ఆ నడకే కొంప ముంచింది. నీళ్ళు పడగానే దిగిందంటే అది కల్లు కాక ఇంకేంది అంది వీధి. పక్కవాడు పడితే చాలు, ఊళ్ళో ప్రతివాడూ జడ్జీయే.

మర్నాడు పొద్దున్నే రవికకని రేషన్లో ఇచ్చిన కంట్రోలు గుడ్డ ముక్క పట్టుకుని దయామణి అతని కొట్టుకెళ్ళింది. అతని కాలు మిషను తొక్కే పలక మీద నిలవడం లేదు. వంగి చూసి, చేత్తో ఎత్తి పెట్టుకుంటున్నాడు.

"పొద్దున్నే కూడా తాగావా?"

"కాలికి తెలివి రాలా ఇంకా. గుంటూరు డాక్టరుగారు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు, నాకు నోరు తిరగలా. నరాల మీద పొర దెబ్బతిన్నదంట. మెదడు చెప్పిన మాట కాలికి సరిగ్గా చేరదంట. ఒళ్ళు వేడెక్కితే అసలే చేరదు, చల్లబడితే కాస్త చేరుద్ది. నిన్న నువ్వు తిట్టినా మందే పోశావు."

"మరి నయమయ్యేదెప్పుడు?"

"అవదు. పోయినేడు ఒక కన్ను మసకబారింది, మళ్ళీ దానంతటదే వచ్చింది. వస్తది, పోద్ది. ఈసారొచ్చి ఏం పట్టుకుపోద్దో తెలవదు."

దయామణి స్టూలు జరుపుకుని మిషను పక్కన కూర్చుని, చక్రం చేత్తో తిప్పింది. అతను గుడ్డ నడిపాడు. ఆ రవిక కుట్టు వంకరగా వచ్చింది. అయినా ఇంకో రవిక, తర్వాత దిండు గలీబులు, చివరికి బాగున్న పాత లంగా కూడా విప్పదీసి తెచ్చింది.

"మణీ, ఇంక కుట్టటానికి మీ ఇంట్లో గుడ్డ మిగల్లేదు," అన్నాడతను ఒకరోజు.

"అయితే పెళ్ళి చేసుకో. రోజూ ఊరికే వచ్చి తిప్పుతా."

అతని చేతిలో కత్తెర ఆగింది. "నాతో పాటు ఆ జబ్బు కూడా కాపరానికొస్తదే."

"పిలవని చుట్టం అనుకుందాం. వచ్చినప్పుడు చాపేద్దాం. పోతానంటే బతిమాలొద్దు."

దేవమ్మ మాత్రం భగ్గుమంది. "తాగుబోతుకిచ్చి నా బతుకే నీకూ కట్టబెట్టనా?" అన్న మాట మీదే నిలబడింది.

ఆ ఆదివారం చర్చిలో పూజ నుంచి వస్తూ, వాళ్ళ గుమ్మం ముందు, సరిగ్గా దేవమ్మ ఎదుటే, రాజారత్నం మళ్ళీ పడ్డాడు. "రత్నం కల్లేసుకొచ్చాడ్రోయ్!" అని ఎవడో కేకేశాడు.

దేవమ్మ దగ్గరకెళ్ళి, వంగి, అతని నోటి దగ్గర ముక్కు పెట్టింది.

"కల్లు కంపుతో కాపరం చేసిన ముక్కు ఇది. ఈడి నోట ఆకూవక్క వాసన కూడా లేదు. మణీ, కడవ తే!"

దేవమ్మ ఆ నీళ్ళు కుమ్మరించలేదు. పసిబిడ్డకు పోసినట్టు మెల్లగా పోసింది.

"ఏరా, ఇది పోయే జబ్బు కాదంటగా?"

"కాదత్తా."

"మళ్ళీ పడతావా?"

"పడతా."

దేవమ్మ కళ్ళొత్తుకుంది. "మా ఆయన రోజూ ఇంక పడనని ఒట్టేసేవాడు. పడతానని చెప్పి పడే మగోణ్ణి ఇదే చూడటం." కూతురి వైపు తిరిగింది. "ఏమే, మన బావి లోతు తెలుసుగా? ఎండాకాలమంతా ఈడికని రోజూ ఇంకో కడవ తోడాల."

దయామణి అప్పటికే ఖాళీ కడవ చంకనెత్తుకుని బావి దారి పట్టింది.