గోబర్ గ్యాస్ గుంతలో నా గొంతు

సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సుల్లేవు, సిలిండర్ బండి రాదు, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. చంపాపేట్‌లో మా బర్రెల కొట్టం వెనక ఏళ్లుగా మూలపడ్డ గోబర్ గ్యాస్ గుంతకు మళ్లీ రోజులొచ్చాయి. కానీ అడుగున మడ్డి పేరుకుపోయి పొయ్యి వెలగడం లేదు.

గుంత కట్టిన మేస్త్రీ అప్పుడే చెప్పాడు. దిగేముందు మూత తీసి కొన్నాళ్లు వదిలెయ్యాలి, ఫ్యాన్‌తో గాలి కొట్టాలి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు, లోపల మనిషి పడిపోతే వెంట ఇంకొకరు దిగకూడదు. నా భార్య ఈరమ్మ అవన్నీ గుర్తుచేసింది. కరెంటే లేదు, ఫ్యాన్ ఎట్లా తిరుగుతుంది? నల్లగొండలో బావులు తవ్వినవాళ్లం, మాకే నేర్పుతావా అని నవ్వాను. మేం మూత తీసి పేడనీళ్లు తోడింది కూడా దిగిన రోజు ఉదయమే.

బావుల దగ్గర మాకో పద్ధతి ఉంది. పైనున్నవాడు పిలుస్తూ ఉంటాడు, దిగినవాడు పలుకుతూ ఉంటాడు. పలుకు ఆగితే తాడు లాగుతారు. మధ్యాహ్నం నడుముకు తాడు కట్టుకుని దిగాను. పైన నా బామ్మర్ది జానయ్య ఉన్నాడు.

లోపల చీకటి. మోకాళ్లదాకా వెచ్చటి బురద. ఎక్కడో బుడగలు పగులుతున్న చప్పుడు. కుళ్లిన గుడ్ల కంపు. కాసేపటికి కంపు పోయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ గ్యాస్‌కు చచ్చింది నా ముక్కేనని అప్పుడు తెలియదు.

"బావా?"

"ఉన్న."

అంతే, కాళ్లలో సత్తువ పోయింది. గోడకు ఆనుకుని కూలబడ్డాను. నాలుక కదల్లేదు.

"బావా?"

పలకలేకపోయాను. ఇప్పుడు లాగుతాడు... లాగుతాడు...

"ఉన్న."

నా గొంతే. నా పక్కనుంచే వచ్చింది.

నేను కాదురా అని అరవాలనుంది. పెదవి కూడా కదలదు. పైన అరచేయంత వెలుగు. జానయ్య మళ్లీ పిలిచాడు. మళ్లీ పలికింది... నాకంటే హుషారుగా. తాడు వదులుగానే ఉంది.

చివరికి అది గుసగుసలాడింది. "బామ్మర్దీ... జర నువ్వు గూడ దిగు."

వెలుగుకు అడ్డంగా వాడి కాలు కనిపించింది. అప్పుడే ఈరమ్మ వచ్చింది.

"కాలు తియ్యిరా. ముందు తాడు లాగు."

"బావ మంచిగనే మాట్లాడుతుండక్కా."

"మాట్లాడనియ్యి. నువ్వు లాగు."

మలక్‌పేట దవాఖానలో కళ్లు తెరిచాను. దిల్‌సుఖ్‌నగర్‌లో రాస్తారోకో చేస్తున్నవాళ్లు మా ఆటోకు దారిచ్చారట. గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. మాట మాత్రం ఈరోజుకీ రాలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

గుంతను మట్టితో పూడ్చి, పైన సిమెంటు పోయించాం. ఈరమ్మ పిలిస్తే చప్పట్లు కొట్టి పలుకుతాను. నిన్న సాయంత్రం వంటింట్లోంచి అన్నానికి పిలిచింది. నేనింకా చేతులు ఎత్తనేలేదు...

కొట్టం వెనకనుంచి వినిపించింది.

"ఒస్తున్న."