ఏటిగట్టు మీద రెండు సీట్లు

“మీ బోర్డు అబద్ధం!”

ఆబిడ్స్‌లోని తన అద్దె సైకిళ్ల షాపులో సైకిల్ చెయిన్‌కు నూనె పెడుతున్న సుజిత్ తలెత్తాడు. వానకు తడిసిన చున్నీ పిండుకుంటూ గుమ్మంలో ఒకమ్మాయి. కోపంలో కూడా మనుషులు ఇంత బాగుంటారా అనుకున్నాడు పాపం.

“ఏమైంది మేడం?”

“గోదావరి సముద్రంల కలిసేదాకా కుటుంబమంతా సైకిళ్ల మీద టూర్ అని రాసిన్రు. మా మమ్మీకి సైకిలే రాదు. ఆమెను ఇంట్ల వదిలేసి పోతే అది కుటుంబం ఎట్లయితది?”

సుజిత్ ఆమెను అడిగి ఫోన్ నంబర్ తీసుకున్నాడు. కొన్నాళ్లకు రెండు సీట్ల సైకిలొకటి తెప్పించి, ఫోన్ చేసి రమ్మన్నాడు.

ఆ అమ్మాయి జెర్లిన్. ఆదివారం చర్చి అయ్యాక నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ప్రాక్టీసు. ముందు సీట్లో వాళ్ల నాన్న హెర్బర్ట్, వెనక సీట్లో అమ్మ సుగుణమణి. “ఏమండీ, జర మెల్లగ!” అని ఆవిడ కేకలు. పక్కన పరుగెత్తుతూ సుజిత్, జెర్లిన్. చూడాల్సింది సైకిల్‌ని. సుజిత్ చూపు మాత్రం జెర్లిన్ మీదే.

ఒక ఆదివారం చెప్పేశాడు. “జెర్లిన్, నువ్వంటే నాకు చానా ఇష్టం.”

“తెల్సు. ఎప్పుడూ నన్నే చూస్తున్నవ్ కద!” ఆమె నవ్వింది. “నాక్కూడ ఇష్టమే. గని డాడీ ఒప్పుకోవాలె. పని మీద ధ్యాస లేనోళ్లంటే ఆయనకు పడదు. టూర్ మంచిగ కానీ, అప్పుడు అడుగు.”

సుజిత్‌కి అదే మొదటి టూర్. దారి ముందే చూసొచ్చాడు. అందరూ రైల్లో వెళ్లి గట్టెక్కితే, దారి నిజంగా ఎంత బాగుందో! ఎత్తుపల్లాల్లేని ఏటిగట్టు, కొబ్బరిచెట్ల నీడ, పక్కనే అవతలి ఒడ్డు ఆననంత గోదావరి, గాలిలో ఉప్పు వాసన. సుగుణమణి పెడల్ మానేసి కొంగల్ని చూస్తోంది.

“తొక్కుతున్నవా?” అన్నాడు హెర్బర్ట్.

“ఔ, తొక్కుతున్ననండీ!” అంది కాళ్లు ఊపుకుంటూ.

మధ్యాహ్నం సైకిళ్లు గట్టు కింద ఏటి ఇసుకలో నిలబెట్టి, గట్టు మీద టిఫిన్ డబ్బాలు విప్పారు. సుజిత్ చూపు మళ్లీ మామూలే.

“సుజిత్, పొద్దుగాల నీళ్ల మీద తేలుకుంట సముద్రం దిక్కు పోయిన గుర్రపుడెక్క మళ్ల ఇటే వస్తున్నదేంది?” అంది జెర్లిన్.

“నది ఎక్కడన్న ఎనకకు పారుతదా? మూసీ పక్కన పెరిగినోళ్లం, మనకు తెల్వదా!” అన్నాడు సుజిత్.

సముద్రానికి పోటొస్తే అక్కడ నది కూడా వెనక్కి మళ్లుతుందని మూసీ ఎప్పుడు చెప్పింది గనక? కాసేపట్లో చక్రాలు సగం దాకా మునిగాయి.

అందరికంటే ముందు నీళ్లలోకి దిగింది హెర్బర్ట్. ప్యాంటైనా మడవకుండా వెళ్లి రెండు సీట్లదాన్ని ఒడ్డుకు లాక్కొచ్చాడు. గట్టు మీద సుగుణమణి పడీ పడీ నవ్వుతోంది. ఆయన సుజిత్ వైపు, తర్వాత జెర్లిన్ వైపు చూశాడు. రైలు నాంపల్లి చేరేసరికి సుజిత్‌కి అడిగే ధైర్యం చచ్చిపోయింది.

మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని హెర్బర్టే షాపుకొచ్చాడు.

“గా సైకిల్ ఎవ్వరికీ కిరాయికియ్యకు. అది మాది. సుగుణ గంతగనం నవ్వంగ నేనెన్నడు చూడలే.”

“సరే అంకుల్.”

“గసుంటిదే ఇంకోటి తెప్పియ్యి.”

“ఎవరికి అంకుల్?”

“మీ ఇద్దరికి. ముందు సీట్ల జెర్లిన్ కూసుంటది, నువ్వు ఎనక కూసో. నువ్వెట్లనో దాన్నే చూస్తవ్. దారన్న అది చూసుకుంటది.”

జెర్లిన్ సిగ్గుతో తల దించుకుంది. సుజిత్ ఆమెనే చూస్తున్నాడు.