మావయ్య గారి వాల్యూము

చౌడయ్య గారింట్లో టీవీ పెట్టారంటే భవానీపురంలో సగం వీధికి పురాణం ఉచితంగా దక్కుతుంది. ఆ ఉదయమూ అంతే. హోమ్ థియేటర్లోంచి వీణ, మృదంగం గోడలదిరేలా మోగుతున్నాయి. ప్రవచనం చెప్పే ఆయన గొంతు మాత్రం ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుంది. చౌడయ్య గారు ముందుకు వంగి వాల్యూము ఇంకాస్త పెంచారు.

వంటింట్లో ఉన్న కోడలు రాజ్యశ్రీకి ఒళ్లు మండింది. గరిటె విసిరినట్టు పెట్టి హాల్లోకి వచ్చింది.

"మావయ్య గారూ, చెవుడు మీకు, మాకు కాదు. పైవాటా వాళ్లు రోజూ నన్ను నిలబెట్టి కడుగుతున్నారు!"

"చెవుడు నాక్కాదమ్మా, ఆ పెట్టెకి. పాట వినపడుద్ది, మాట వినపడదు. నేనేం చెయ్యను?"

"అందరిళ్లల్లో పెట్టెలూ బానే ఉన్నాయి. మన పెట్టెకే రోగం వచ్చిందా?"

దసరా వెళ్లిన దగ్గర్నుంచీ ఇదే రభస. మొదట్లో విసుగ్గా ఉండేది, తర్వాత అలవాటైంది, ఆపైన రాజ్యశ్రీకి అందులో ఒక లాభం కనిపించింది. వన్ టౌన్‌లో వాళ్లకి చేనేత చీరల కొట్టుంది. పెడనలో మగ్గం గుంటలోంచి లేచొచ్చి చౌడయ్య గారు తన చేతులతో పెట్టిన కొట్టది. ఇప్పటికీ గల్లా దగ్గర ఆయనే కూర్చుంటారు. నడివయసొచ్చినా తన మొగుడు తండ్రి పక్కన చీరలు మడతపెట్టడం ఆమెకు నచ్చదు.

సాయిగణేష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "నాన్నా, పదింటికి చెవుల డాక్టరు. మిషను పెట్టిస్తాం. ఇవాళ్టి నుంచి కొట్టుకి రావొద్దు. గల్లాలో నేను కూర్చుంటా."

"రావొద్దా? ఎవడన్నాడు?"

"బేరగాళ్లే. ఒకటి అడిగితే ఇంకోటి తీస్తున్నావంట."

"ఎవరా బేరగాడు? పేరు చెప్పరా."

సాయిగణేష్ నీళ్లు నమిలాడు. అలా అన్నవాళ్లెవరూ లేరు. అది రాజ్యశ్రీ నేర్పిన మాట.

పూజగదిలోంచి వెంకటరావమ్మ బయటికొచ్చింది. "ఒరేయ్, కన్నతండ్రిని గల్లా మీంచి దించడానికి నీకు చెవులు దొరికాయిరా?"

"నువ్వూరుకో అమ్మా! మగ్గాల మోతలో నలిగిన చెవులు, వినపడకపోవడంలో వింతేముంది?"

"రుజువు కావాలంతేగా? ఇప్పుడే చూపిస్తా," అంది రాజ్యశ్రీ. హోమ్ థియేటర్లో ఒక పరీక్ష ఉంది. బటన్ నొక్కితే ఒక్కో స్పీకరులోంచీ వరసగా 'హుష్' మని సన్నటి శబ్దం వస్తుంది. "ఎటునుంచి వస్తోందో చెప్పండి మావయ్య గారూ. చెప్తే మళ్లీ చెవుల మాట ఎత్తను. చెప్పలేకపోతే కొట్టు మాట మీరెత్తొద్దు."

"ఛీ, పెద్దాయనకి పరీక్షలా!" అంది అత్తగారు.

"పెట్టనీ," అని చౌడయ్య గారు కళ్లు మూసుకున్నారు. రాజ్యశ్రీ శబ్దాన్ని బాగా తగ్గించి బటన్ నొక్కింది.

"ఎడమది," అన్నారాయన. నిజమే. కాసేపాగి, "ఇప్పుడేదీ పలకలా," అన్నారు.

"చూశారా! మధ్య స్పీకరు మోగింది, ఈయనకి తెలియనే లేదు!" రాజ్యశ్రీ మొగుడి వైపు గెలిచినట్టు చూసింది.

సాయిగణేష్ ముఖం పాలిపోయి ఉంది. "నాకూ వినపళ్లేదు," అన్నాడు.

ఆలోచిస్తే రాజ్యశ్రీకీ వినపడలేదు. మోగే ఉంటుందని అనుకుంది, అంతే. ఈలోగా ఆయన చెప్పుకుపోతున్నారు. "కుడిది. ఇదిగో, వెనక కుడిది. వెనక ఎడమది. అది మరీ సన్నగా పలుకుతోంది, దాన్నీ ఓసారి చూడు."

రాజ్యశ్రీ టీవీ కింద ఉన్న మధ్య స్పీకరును వెనక్కి తిప్పింది. మాటలన్నీ వచ్చేది దాన్లోంచే. వైరు గుచ్చే చోట గంధం, పసుపు ఎండి రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఆయుధపూజ నాడు కొట్టులో గజంబద్దకీ కత్తెరకీ పూజ అయ్యాక, ఇంట్లో సామాన్లకీ బొట్లు పెట్టడం వాళ్లకి ఆనవాయితీ. ఈసారి వైర్లన్నీ ఊడదీసి, స్పీకర్లు తుడిచి, ముందూ వెనకా నిండుగా బొట్లు పెట్టింది తనే. తడి గంధంలోనే వైరు గుచ్చేసిందీ తనే.

చాకు మొనతో గీకి, వైరు మళ్లీ గుచ్చి, పరీక్ష ఆపి వాల్యూము ఎప్పటంత పెట్టింది. ప్రవచనం మాట గంట కొట్టినట్టు పలికింది.

"తగ్గించమ్మా. ఇంకా తగ్గించు. ఆఁ, చాలు," అన్నారు చౌడయ్య గారు.

రాజ్యశ్రీ చాకు కింద పెట్టి మావగారి వైపు తిరిగింది. వినపడదనుకునే కదా, ఇన్నాళ్లూ ఆయన కంచం ముందు కూర్చుని ఉండగానే మొగుడితో మెల్లగా అన్నీ అనేసింది! ముసలాయన గల్లా వదిలితే గానీ మన బతుకు బాగుపడదంది. ఇంకెన్నాళ్లుంటారో అని నవ్వింది కూడా.

"మావయ్య గారూ... అవన్నీ మీరు విన్నారా?"

"నాకు వినపడుద్దని రోజూ చెప్తానే ఉన్నాగా అమ్మా. మీరే నమ్మలా."

"మరి తిట్టకుండా ఎందుకూరుకున్నారు?"

"విన్నానని అప్పుడే అంటే మళ్లీ నా మొహం చూసి అన్నం పెట్టగలవా? అందుకే మింగేశా. ఇవాళ కొట్టుకే రావొద్దనేసరికి మాత్రం నావల్ల కాలేదు."

వెంకటరావమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సాయిగణేష్ తలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు. "నాన్నా, నువ్వు లేకుండా నేను కొట్టు తెరవను," అన్నాడు.

రాజ్యశ్రీ మావగారి పాదాల దగ్గర కూలబడింది. క్షమించమని అడగాలి. ఇన్నాళ్లూ ఇంటిల్లిపాదినీ గడగడలాడించిన మనిషికి ఇప్పుడు పెదవులు కదిలాయి గానీ మాట పైకి రాలేదు. పక్కనే ఉన్న అత్తగారు కూడా "ఏమంటున్నావే?" అని వంగి అడిగింది.

చౌడయ్య గారు కోడలి తల మీద చెయ్యి వేశారు.

"వినపడిందిలే అమ్మా," అన్నారు. "లే."